నీళ్లు తాగినందుకు నోటీసు

మా తమ్ముడి పెద్దకూతురికి పనిచోట ‘ఒంటె’ అని పేరు. అది వెక్కిరింతగా పుట్టిన పేరు కాదు, మెచ్చుకోలుగా పుట్టింది. ఆసుపత్రులకూ లాడ్జీలకూ దుప్పట్లు, దిండు గలీబులు ఉతికి ఇస్త్రీ చేసి పంపే ఒక పెద్ద లాండ్రీలో ఆమె పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. ఆవిరితో కాగే రోలరు ముందు ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా నిలబడి, చుక్క నీరు ముట్టకుండా, చోటు కదలకుండా దుప్పట్లు అందుకుని మడతపెట్టే మనిషిని చూసి పూర్వపు మేనేజరు ఒకాయన, ఈవిడ మనిషి కాదు, ఒంటె అన్నాడట. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి ఆ మాట మురిసిపోతూ చెప్పింది. నేనూ విని నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఒంటెగా మారడానికి ఆమె పడిన సాధన చిన్నది కాదు. తెల్లవారి లేవగానే ఒక గ్లాసు నీళ్లు, అదీ బస్సు ఎక్కడానికి గంట ముందు. ఆ తరువాత సాయంత్రం ఇల్లు చేరేదాకా ఏమీ లేదు. మధ్యాహ్నం అన్నం ముద్ద గొంతుకు అడ్డుపడితే దిగడానికి ఒక గుక్క, అంతే. ఎందుకంటే తాగిన నీరు లోపల ఊరుకోదు. ఆడవాళ్ల మరుగుదొడ్లు రెండూ పెరడు చివర బాయిలరు గదికి అవతల ఉన్నాయి. ఇస్త్రీ విభాగంలో ఉన్న ఆడవాళ్లు యాభై ఎనిమిది మంది. రెంటిలో ఒకదానికి గడియ పడదు కనుక వెళ్లే మనిషికి కాపలాగా ఇంకొకరు కూడా వెళ్లాలి. అంటే ఒకరి అవసరానికి రోలరు దగ్గర ఇద్దరు తగ్గుతారు, వెనుక నుంచి వచ్చే తడి దుప్పట్లు గుట్ట పడతాయి. వీటన్నిటికీ మించి సూపర్‌వైజరమ్మ బల్ల మీద ఒక పుస్తకం ఉంటుంది. వెళ్లే ముందు పేరు రాసి, వెళ్లిన వేళా తిరిగి వచ్చిన వేళా వేసి, అందరూ చూస్తుండగా సంతకం పెట్టాలి.

ఆ పుస్తకంలో గడి పైన రాసి ఉన్న మాట ‘బయటికి’. సూపర్‌వైజరమ్మ మర్యాద తెలిసిన మనిషి. పైనున్న మగ అధికారులు తిరగేసే పుస్తకంలో ఇంతకన్న విడమరిచి రాయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఆ మాటకు అర్థం ఆ విభాగంలో ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పవలసిన పనీ రాలేదు.

దిండు గలీబులకు వాడే చేతి ఇస్త్రీపెట్టెలో నీళ్లు తగ్గితే దాని పిడి మీద ఎర్రదీపం వెలుగుతుంది. వెంటనే ఒకరు పరుగున వచ్చి నింపుతారు, లేకపోతే పెట్టె మాడిపోతుందని. దాన్ని పట్టుకున్న మనిషికి అటువంటి దీపం పెట్టాలని సృష్టికర్తకు తోచలేదు, యాజమాన్యానికి ఎలాగూ తోచదు. అదే హాలు గోడ మీద మాత్రం ఎవరో ఆరోగ్య దినానికి అతికించిపోయిన రంగుల కాగితం ఒకటి ఉంది. నవ్వుతున్న ముఖం, చేతిలో గాజు గ్లాసు, కింద ‘రోజుకు మూడు లీటర్ల నీరు, నిండు ఆరోగ్యం మీ తీరు’ అన్న ప్రాస. తాగమని గోడల మీద రాసేవాళ్లు ఆ తరువాతి సంగతి ఏ గోడ మీదా ఎందుకు రాయరో నాకు ఇన్నేళ్లు చదివినా బోధపడలేదు.

గత ఏడాది ఎండలు ముదిరిన రోజుల్లో ఆమెకు కుడి డొక్కలో నొప్పి మొదలైంది. ముందు వాయువన్నారు, తరువాత నిలబడే పని కదా, నడుము పట్టేసిందన్నారు. ఒక ఉదయం బస్సులోనే ముడుచుకుపోయింది. బడి బస్సు నడిపే ఆమె భర్త పిల్లలను దించి వచ్చేదాకా ఆగే పరిస్థితి కాదని నేనే ఆసుపత్రికి తీసుకువెళ్లాను. స్కానింగులో కుడి కిడ్నీలో రెండు రాళ్లు కనిపించాయి. పాతబడిన ఇన్ఫెక్షన్ కూడా ఉంది. డాక్టరమ్మ కాగితం మీద నుంచి తల ఎత్తకుండానే, రోజుకు నీళ్లు ఎన్ని తాగుతావమ్మా అని అడిగింది.

“తాగుతానండీ.”

“ఎన్ని?”

“పొద్దున ఒక గ్లాసు. సాయంత్రం ఇంటికెళ్లాక మళ్లీ.”

“మధ్యలో?”

“మధ్యలో పనండీ.”

డాక్టరమ్మ అప్పుడు తల ఎత్తింది. ఆవిరి ముందు తొమ్మిది గంటలు నిలబడే ఒంట్లోంచి చెమటగా ఎంత నీరు పోతుందో, పోయినంతా తిరిగి పోయకపోతే మిగిలిన కాస్తా చిక్కబడి లోపల ఎలా గడ్డకడుతుందో నిదానంగా చెప్పింది. మూత్రం ముదురు పసుపుగా ఉన్నంతకాలం ఒళ్లు నీళ్లు అడుగుతున్నట్టే లెక్కనీ, దాహం వేసేదాకా ఆగకూడదనీ, ఒక్కసారే చెంబుడు తాగేయకుండా గంటకొక గ్లాసు చొప్పున పని మధ్యలోనే తాగాలనీ, మొత్తం మూడు లీటర్లకు తగ్గకూడదనీ చీటీ మీద రాసి ఇచ్చింది. మా అమ్మాయి అంతా శ్రద్ధగా విని, లేవబోతూ ఒక మాట అడిగింది.

“నీళ్లు తాగకుండా తగ్గే మందేమైనా ఉందా అమ్మా?”

“ఉంది. దాన్ని ఆపరేషన్ అంటారు,” అంది డాక్టరమ్మ.

మరుసటి వారం నుంచి ఆమె లీటరు సీసా ఒకటి రోలరు పక్కన పెట్టుకుని పని చేయడం మొదలుపెట్టింది. తోటివాళ్లకు అది పెద్ద వినోదమైంది. ఒంటెకు ఏరు దొరికిందే అని ఒకరు, ఏరు కాదే, అటు పోయేది కాలవ అని ఇంకొకరు. దొరికింది, మీకూ చోటుంది రండి అని ఈమె. పదిహేను రోజులు గడిచేసరికి కాళ్ల పిక్కలు పట్టేయడం తగ్గింది, పెదవుల పగుళ్లు మానాయి, సాయంత్రానికి మనుషులను కరిచేటంత చిరాకు పోయింది. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చినప్పుడు, తలనొప్పి లేకుండా ఇంటికి రావడం ఎలా ఉంటుందో మరిచిపోయాను పెదనాన్నా అంది. పంతొమ్మిదేళ్లుగా ఆ తలనొప్పి జీతంతో పాటు వచ్చేదేమో అనుకుందట.

తాగిన నీరు తన దారిన తాను పోవాలి కదా. పుస్తకంలో ఆమె పేరు రోజుకు మూడు సార్లు, ఒక్కొక్క రోజు నాలుగు సార్లు కనిపించసాగింది. నెల తిరిగేసరికి నోటీసు వచ్చింది.

ఆ నోటీసు ఇప్పుడు నా ముందే ఉంది కనుక అందులోని మాటలే రాస్తున్నాను: ‘గత నెలలోని ఇరవై ఆరు పనిదినాలలో మీరు తొంభై ఒక్క పర్యాయాలు అనుమతి లేకుండా పని విడిచి బయటికి వెళ్లినట్లు మీ సంతకాల ద్వారానే రుజువైనందున, మిమ్ములను ఉద్యోగం నుండి ఎందుకు తొలగించరాదో విచారణకు హాజరై తెలుపవలెను.’ చదివి వినిపించడానికి ఒక బంధువును వెంట తెచ్చుకోవచ్చునని అడుగున దయతలిచారు. జరిగింది ఇది. కొత్తగా వచ్చిన మేనేజరు పుస్తకాలన్నీ కంప్యూటరులో ఎక్కించమన్నాడు. ఎక్కించిన గుమాస్తా ‘బయటికి’ అన్న గడిని ఉన్నది ఉన్నట్టే ఎక్కించాడు. యంత్రం కూడికలు చేసి పెట్టింది. అక్కడెక్కడో వేరే అంతస్తులో కూర్చున్న మనిషికి ఒక ఉద్యోగిని రోజుకు మూడు నాలుగు సార్లు గేటు దాటి వీధుల్లోకి షికారు పోతున్నట్టు కనిపించింది.

పని దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఇకమీదట వెళ్లనని రాసిపెట్టు పెదనాన్నా. రెండు ముక్కలు చాలు. నేను సంతకం పెడతా.”

“వెళ్లకుండా ఎలా ఉంటావు?”

“తాగను.”

“తాగకపోతే?”

“ఏముంది, పంతొమ్మిదేళ్లు తాగలేదు.”

“అందుకే కదమ్మా రాళ్లు.”

“రాళ్లు లోపల ఉంటాయి, ఎవరికీ కనపడవు. ఉద్యోగం పోతే అందరికీ కనపడుతుంది.”

నేను రాయనన్నాను. కోపంగానే అన్నాను. ఒక మనిషి నీళ్లు తాగనని హామీపత్రం రాసి ఇవ్వడం నా చేతి మీదుగా జరగదన్నాను. ఆమె వాదించలేదు. వాదించే ఓపిక ఉన్నట్టు కూడా లేదు. నోటీసు నా బల్ల మీదే వదిలి వెళ్లిపోయింది. మర్నాడు ఆమె భర్త ఫోన్ చేశాడు. మామయ్యగారూ, మీరు పెద్ద పెద్ద ఉత్తరాలు రాసి మా కొంప ముంచకండి, తప్పయిందని ఒక దండం పెడితే పోయేదానికి అన్నాడు. పైగా విచారణకు ఇంకా ఆరు రోజులుండగానే ఆమె సీసా ఇంట్లో వదిలి పనికి వెళుతోందని అతని నోటి వెంటే తెలిసింది. నొప్పి మళ్లీ తొంగిచూస్తోందని కూడా.

నేను ఉత్తరం రాశాను. మూడు పుటలు. ఆమె ఉద్యోగంలో చేరిన నాటి నియామక పత్రం, దానితో పాటు ఇచ్చిన నిబంధనల కాగితం, డాక్టరమ్మ చీటీ, స్కానింగు ఫలితం వరుసగా జతపరిచాను. గేటు దగ్గర వాచ్‌మన్ రాసే పుస్తకంలో ఆ నెలంతా ఆమె పేరు ఉదయం రాకకూ సాయంత్రం పోకకూ తప్ప వేరే వేళల్లో లేదన్న సంగతి ఆ వాచ్‌మన్‌నే అడిగి తెలుసుకుని చేర్చాను. ఇంత చేసినవాణ్ణి అసలు మాట దగ్గరికి వచ్చేసరికి ఏం రాయాలో తోచక అరగంట కూర్చున్నాను. చివరికి ‘కాలకృత్యాలు తీర్చుకొనుటకు’ అని రాశాను. ఆ వాక్యం అప్పుడు నాకు ఎంతో నిండుగా కనిపించింది.

విచారణ మేనేజరు గదిలో జరిగింది. బల్లకు అటు మేనేజరు, ఇటు సూపర్‌వైజరమ్మ, మా అమ్మాయి, నేను. అందరి ముందూ తలా ఒక నీళ్ల సీసా పెట్టారు. మా అమ్మాయి తన ముందున్న దాన్ని చేత్తో కొంచెం అవతలికి జరిపింది. మొహం వాడిపోయి ఉంది, రెండో చెయ్యి డొక్క మీదే ఉంది. మేనేజరు నా ఉత్తరం ముందే చదివినట్టున్నాడు. చెడ్డ మనిషిలా లేడు, తొందరలో ఉన్న మనిషిలా ఉన్నాడు.

గేటు దాటలేదంటున్నారు, పుస్తకంలో బయటికి అని ఉంది, మరి గోడ దూకిందా అని సూపర్‌వైజరమ్మను అడిగాడు. ఆమె కొంగు సవరించుకుంది. బయటికంటే బయటికే సార్ అంది. బయటికంటే ఎక్కడికని ఆయన మళ్లీ అడిగాడు. అంటే, మామూలుగా, ఆడవాళ్లు వెళతారు కదా సార్, అలా అని నీళ్లు నమిలింది. ఆయన విసుగ్గా నా వైపు తిరిగాడు.

“మీరేమో కాలకృత్యాలని రాశారు. అవి పొద్దున్నే ఇంటి దగ్గర తీర్చుకుని రావాలి కదండీ. పనివేళల్లో రోజుకు నాలుగుసార్లు కాలకృత్యాలేమిటి?”

ఆయన అన్నదాంట్లో నిఘంటువు ప్రకారం తప్పు లేదు. పొద్దుటి పనులకు పెట్టిన మాటను గౌరవంగా ఉంటుందని నేనే తెచ్చి పట్టపగటి అవసరం మీద కప్పాను. సూపర్‌వైజరమ్మ వేసిన ముసుగు మీద నేనొక ముసుగు వేసి, ఆ రెంటి కింద మా పిల్ల ఉద్యోగానికి ఊపిరాడకుండా చేశాం. సరిదిద్దడానికి గొంతు సవరించుకుంటున్నాను. ఈలోగా మా అమ్మాయే మాట్లాడింది. గొంతు పెంచలేదు. అలసిపోయిన మనిషి బస్సులో దిగవలసిన చోటు చెప్పినట్టు చెప్పింది.

“ఉచ్చకి సార్. ఉచ్చ పోసుకోవడానికి వెళ్లాను. తొంభై ఒక్క సార్లూ అందుకే. డాక్టరమ్మ నీళ్లు తాగమంది, తాగాను. తాగినవి పోవాలి కదా సార్. ఈ ఆరు రోజుల నుంచి తాగట్లేదు, వెళ్లట్లేదు. పుస్తకం చూసుకోండి. మళ్లీ నొప్పొస్తోంది.”

సూపర్‌వైజరమ్మ తల దించుకుంది. మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. ఆయన సీసా వైపు చూపి తాగమ్మా అన్నాడు. ఆమె తీసుకుని మూత తిప్పి, ఆపకుండా, మధ్యలో ఎవరి వైపూ చూడకుండా, అడుగు దాకా తాగింది. తాగి, ఇక్కడ ఎక్కడుంది సార్ అని అడిగింది. ఆ అంతస్తులో ఉన్నది అధికారులకు మాత్రమేనని తలుపు మీద రాసి ఉంది. సూపర్‌వైజరమ్మ లేచి, నాతో రా అని తనే వెంట తీసుకువెళ్లింది.

వాళ్లు వచ్చేదాకా మేనేజరు ఊరికే కూర్చోలేక పుస్తకం ముందుకు లాక్కుని పేజీలు తిప్పాడు. మా అమ్మాయి పేరు ఉన్న పేజీలు వదిలి వెనక్కి వెళ్లాడు, ఇంకా వెనక్కి వెళ్లాడు. నెలల తరబడి పేజీలకు పేజీలు దాదాపు ఖాళీ. యాభై ఎనిమిది మందికి రోజు మొత్తంలో ఐదు సంతకాలు, ఆరు సంతకాలు. ఆయనకు అక్కడ ఏదో తేడాగా అనిపించింది.

“మిగతావాళ్లెవరూ వెళ్లడం లేదా?” అని అడిగాడు.

“తాగడం లేదు,” అన్నాను.

ఆయన ఆ పేజీ మీద చెయ్యి అలాగే ఉంచాడు. ఆ రోజు నేను చెప్పిన మాటల్లో పనికి వచ్చింది ఆ ఒక్కటేనని నా నమ్మకం. మూడు పుటల్లో అది ఎక్కడా లేదు.

మా అమ్మాయి చేతులు తడితో తిరిగి వచ్చి, ఇక నేను పనికి వెళ్లొచ్చా సార్, దుప్పట్లు పేరుకుపోయి ఉంటాయి అంది. వెళ్లమన్నాడు. నోటీసు సంగతి చూస్తాంలే అన్నాడు. చూస్తాంలే అన్న మాటకు చేవ్రాలు ఉండదు కనుక, రద్దు చేసినట్టు కాగితం కావాలని నేను అక్కడే అడిగాను. పంపిస్తామన్నారు. పంపలేదు. ఒకటి తరువాత ఒకటి రెండు ఉత్తరాలు రాశాను, మూడోది స్వయంగా పట్టుకెళ్లి అందినట్టు సంతకం తీసుకున్నాను.

ఈ మధ్యకాలంలో జరిగినవి కూడా దాచకుండా చెప్పాలి. గడియ బాగుచేశారు. మూడో మరుగుదొడ్డికి పెరట్లో గొయ్యి తవ్వి ఆపేశారు, దాంట్లో వాన నీళ్లు నిలిచాయి. పుస్తకం బల్ల మీదే ఉంది. పది పన్నెండు మంది ఆడవాళ్లు సీసాలు తెచ్చుకుంటున్నారు, అందువల్ల ఉన్న రెంటి ముందు వరస పెరిగింది, వరస పెరిగిందని సణుగుడూ పెరిగింది. ఆ సణుగుడంతా మా అమ్మాయి మీదికే వస్తోంది. నీ మూలానే అంటారట. రాళ్లలో ఒకటి పడిపోయింది. రెండోది అలాగే ఉంది. కుడి కిడ్నీ కొంత చిక్కిపోయిందనీ, పోయిన భాగం తిరిగి రాదనీ, మిగిలినదాన్ని నీళ్లతో కాపాడుకోవాలనీ డాక్టరమ్మ చెప్పింది.

విచారణ జరిగిన పదకొండో వారంలో నోటీసు రద్దు చేసినట్టు కాగితం వచ్చింది. ఆ సాయంత్రం ఆమె పని నుంచి వచ్చి మా ముందుగదిలో కుర్చీలో వాలింది. మోకాళ్ల మీద అరచేతులు వెల్లకిలా పెట్టుకుంది, వేళ్ల చివర్లు ఆవిరికి ఉబ్బి తెల్లబడి ఉన్నాయి. నేను కళ్లద్దాలు పెట్టుకుని చదవబోయాను.

“అంతా వద్దులే పెదనాన్నా. రోజుకి ఇన్నిసార్లే అని ఏమైనా రాశారా?”

పైనుంచి కింది దాకా చూశాను. సంఖ్య ఏమీ లేదన్నాను.

“అయితే చాలు,” అంది.

అయినా మొత్తం వినడం మంచిదని, అటువంటి పత్రాల్లో మెలికలు చివరి వాక్యాల్లోనే దాగి ఉంటాయని చెప్పి, మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. రెండో వాక్యం పూర్తి చేసి తల ఎత్తేసరికి ఆమె నిద్రపోయింది. మిగిలినది నేను మనసులోనే చదువుకున్నాను.